మాట, పాట, జ్ఞాపకము
(శతవార్షికోత్సవ సందర్భమున సంఘ పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ గనుక అందరును జ్ఞాపకములను గూర్చియే మాట్లాడుచున్నారు. ఏ గుడికి ఎవరు పునాది వేసినారో, ఏ గంట ఏ ఊరినుండి ఎడ్లబండి మీద వచ్చినదో చెప్పగలవారు మనలో పలువురున్నారు. ఆ పని వారికే విడిచి, అసలు జ్ఞాపకమునకును మాటకును మనస్సులో గల సంబంధమేమో మాకు తెలిసినంతవరకు మనవి చేయుదుము. మేము వైద్యులము కాము. మా ఇంట జరిగిన ఒక సంగతి ఈ విషయమును గూర్చి మాచేత చదివించినది.

మా మేనత్తగారు ఒక మిషను ఆసుపత్రిలో ముప్పది ఏండ్లకు పైగా నర్సుగా పనిచేసినారు. విశ్రాంతి తీసుకొన్న తరువాత మాయొద్దనే ఉన్నారు. ఒక ఉదయము ఆమెకు కుడివైపు పక్షవాతము వచ్చినది. ప్రాణము దక్కినది గాని మాట పడిపోయినది. దాహమైనప్పుడు గ్లాసు చూపి “అది... అది...” అనెడివారు; నీళ్లు అను మాట వచ్చెడిది కాదు. కొన్నాళ్లకు ఒక ఆదివారము సాయంకాలము కుటుంబ ప్రార్థనలో మేము కీర్తన ఎత్తుకొనగానే మంచము మీదనుండి ఆమె గొంతు కలిసినది. పల్లవి మాత్రమే కాదు. మేము పుస్తకము చూచి పాడు మూడవ చరణమును ఆమె చూడకయే పాడినారు. ఇంటిల్లిపాదిమి ఏడ్చితిమి.

మరునాడు జరిగినది చెప్పుటకు సిగ్గుగా నున్నది. “చరణాలు చరణాలు పాడే మనిషికి నీళ్లనే మాట రాదా? మొండితనం కాకపోతే!” అని మాలో ఒకరు అన్నారు. తక్కినవారము కాదనలేదు. నోరు తెరచి అడిగినదాక నీళ్లు ఇవ్వరాదని ఒక పూట పంతము పట్టితిమి. ఆమె గ్లాసువైపు చూచుచు, తరువాత గోడవైపు తిరిగి, మధ్యాహ్నము వరకు అటులనే ఉండిపోయినారు.

ఇది మొండితనము కాదని లోకమునకు తెలిసి చాలకాలమైనది. 1745లో స్వీడను దేశమున ఓలాఫ్ డాలిన్ అనునతడు ఇట్టి మనిషిని గూర్చియే వ్రాసి ప్రకటించినాడు. ఆ మనిషికిని కుడివైపు పడిపోయి మాట పోయినది. అయినను జబ్బునకు ముందు నేర్చిన కీర్తనలను, ఎవరైన కొంచెము అందించినయెడల, ఆరోగ్యవంతుని వలె స్పష్టముగా పాడెడివాడట. కొన్ని ప్రార్థనలను కూడ, పాడకయే, ఒక విధమైన లయతో చెప్పెడివాడట. ఇది చదివినప్పుడు మా అత్తగారి మంచమే మా కన్నుల ఎదుట నిలిచినది.

కారణమేమనగా, మాటలాడుట ఒకే పని కాదు. “నీళ్లు” అనవలెనన్న, కావలసిన వస్తువును తలంచి, దాని పేరును వేలకొలది మాటలలోనుండి వెదకి, నోటికి అప్పగింపవలెను. మనలో అత్యధికులకు ఈ పని మెదడు ఎడమ భాగమున జరుగును. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు, ఏండ్ల తరబడి “టాన్” అను ఒక్క ధ్వని తప్ప మరేమియు పలుకలేకపోయిన రోగి చనిపోయిన పిమ్మట అతని మెదడును పరీక్షించి, ఎడమ ప్రక్క ముందు భాగము చెడియుండుట కనుగొన్నాడు. ఎడమ మెదడు కుడి చేతిని, కుడి కాలిని నడిపించును గనుకనే మాట పోవుటయు కుడివైపు పడిపోవుటయు తరచుగా కలిసి వచ్చును. కంఠతవచ్చిన పాట సంగతి వేరు. అందులో మాటలను వెదకనక్కరలేదు. ఒక మాట తరువాతి మాటను లాగుకొని వచ్చును, రాగము వాటిని మోయును. రాగమును గ్రహించుటలో కుడి మెదడునకు పెద్ద పాలు కలదు. సండే స్కూలులో కంఠత పట్టిన వాక్యము నడుమ తప్పినయెడల మనమును మొదటినుండి ఎత్తుకొందుము గదా! పాట నుండి ఒక్క మాటను ఊడదీసి వాడుకొనుట మా అత్తగారికి సాధ్యము కాలేదు. అంతే.

జ్ఞాపకమును భాషయు ఒకటే పెట్టెలో లేవనుటకు మరియొక సాక్ష్యము అమెరికాలో దొరికినది. హెన్రీ మొలైసన్ అను యువకునికి 1953లో మూర్ఛరోగము నివారించుటకై మెదడులో రెండు ప్రక్కల నుండి కొంత భాగము తీసివేసినారు. ఆ తరువాత 2008లో చనిపోవువరకు అతనికి క్రొత్త సంగతి దాదాపు ఏదియు నిలువలేదు. చూచిన మనిషి బయటికి పోయి మరల వచ్చిన క్రొత్తవాడే. అయినను చక్కగా మాట్లాడెడివాడు. పదముల పజిల్సు పూరించుట అతనికి ఇష్టము. పాత మాటలన్నియు ఉన్నవి గాని, 1953 తరువాత వాడుకలోనికి వచ్చిన క్రొత్త మాటల అర్థములు మాత్రము చాలవరకు అంటలేదు. మాటను వాడుటకు అక్కరలేని ఆ భాగము, మాటను నేర్చుటకు కావలసి వచ్చినదన్నమాట.

అట్లని రెండును వేరువేరు అనుటకును వీలులేదు. న్యూజీలాండులో కొందరు చిన్నపిల్లలకు వింత యంత్రము నొకదానిని చూపినారు. పెద్ద బొమ్మ లోపలికి పోయి చిన్నదై బయటికి వచ్చును. ఆరు నెలలకో ఏడాదికో మరల అడుగగా, ఆటను పిల్లలు చేసి చూపగలిగినారు. కాని ఆ నడుమ మాటలెన్ని నేర్చినను, ఆట ఆడిన నాటికి తమకు రాని మాటలతో ఆ ఆటను వర్ణింపలేకపోయినారు. ఇది 2002లో ప్రకటితమైనది. మన పసితనపు జ్ఞాపకములు ఎందుకు చిక్కవో ఇందువలన కొంత తెలియుచున్నది.

ఇక రెండు భాషలవారి సంగతి. మన ప్రాంతములలో ఒకటికి మించిన భాషలతో బ్రతుకువారు పలువురున్నారు. ఇంట తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు. పక్షవాతము వచ్చినప్పుడు ఇందులో ఏది ముందుగా తిరిగివచ్చును? ఫ్రాన్సు దేశపు పండితుడు రిబో 1881లో పాత జ్ఞాపకములే గట్టివన్నాడు. ఆ లెక్కన తల్లిభాష ముందు రావలెను. ఆ దేశపువాడే పీత్ర్ 1895లో, బాగుగా వాడుకలోనున్న భాష ముందు వచ్చునన్నాడు. మా ఇంట పీత్ర్ గెలిచినాడు. మా అత్తగారి నోట మొదట పలికినవి “టెంపరేచర్”, “డ్రెస్సింగ్”, “సిస్టర్”. అమ్మ, అన్నము వంటి మాటలు చాల ఆలస్యముగా వచ్చినవి. తెలుగు మరచినదని బంధువులు నవ్వినారు గాని, ముప్పది ఏండ్లు రాత్రింబగళ్లు వార్డులో పలికిన మాటలవి! అయితే అందరి విషయమున ఇట్లే జరుగునని చెప్పరాదు. ఒక్కొక్కరి త్రోవ ఒక్కొక్కటి.

మనము గర్వింపదగిన సంగతి ఒకటున్నది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారును వారి సహచరులును మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించినారు. రెండు లేక అంతకెక్కువ భాషలు మాట్లాడువారికి ఆ వ్యాధి, ఒక్క భాషవారికంటె సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినదట. చదువురాని వారిలోను ఈ తేడా కనబడినది. పక్షవాతము వచ్చిన 608 మందిని గూర్చి 2016లో వారే తెలిపినదేమనగా, రెండు భాషలవారిలో నూటికి 40.5 మందికి బుద్ధిశక్తి చెడకుండ నిలువగా, ఒక్క భాషవారిలో 19.6 మందికి మాత్రమే నిలిచినది. మాట పడిపోవుటలో మాత్రము ఇరువురికి తేడా లేదు. ఇతర దేశములలో కొన్ని పరిశోధనలకు ఈ మేలు కనబడలేదు గనుక పందెము కాయనక్కరలేదు. అయినను మనుమలతో ఇంగ్లీషే మాట్లాడవలెనని తాతలను కట్టడిచేయు కోడండ్లును కొడుకులును దీనిని ఆలోచింతురు గాక. ఒక భాషలో గడచిన దినములు ఆ భాషలో అడిగినప్పుడు ఎక్కువగా గుర్తుకు వచ్చునని, అమెరికాలో స్థిరపడిన రష్యనులను పరీక్షించినవారు 2000లో తెలిపియున్నారు.

మా స్త్రీల సమాజమువారు రోగులను చూడబోవుదురు గనుక మరి రెండు మాటలు. మాట పోయినవారి ఎదుట కేకలు వేయకుడి. సాధారణముగా వారికి చెవుడు లేదు. అవును, కాదు అని తల ఊపుటకు వీలగునట్లు అడుగుడి. చెప్పబోవు మాటను మీరే తొందరపడి అందింపకుడి, కొంచెము ఓర్చుకొనుడి. పాట పాడినయెడల సంతోషించుడి గాని, దానితో వారికి పరీక్ష పెట్టకుడి.

1973లో బోస్టను వైద్యులు ఒక పద్ధతి ప్రకటించినారు. అవసరమైన చిన్న మాటలను రాగముతో, ఎడమ చేతితో తాళము వేయించుచు పలికింతురు. అందరికి ఫలింపదు, కొందరికి ఫలించును. ఇంగ్లీషు బొమ్మల కార్డులు తెచ్చిన శిక్షకురాలు మానుకొన్న తరువాత, మేము ఇంటిలోనే దీనికి పూనుకొంటిమి. ఆమెకు ప్రియమైన కీర్తన పల్లవి రాగములో “నీళ్లు కావాలి” అని కట్టి, రోజుకు మూడు పూటలు పాడితిమి. తాళము ఆమె ఎడమ చేయి మంచపు కోడు మీద వేసెడిది. నాలుగవ నెలలో ఒక తెల్లవారుజామున, మేమింకను లేవకముందే, ప్రక్క గదిలోనుండి ఆ రాగము వినబడినది. గ్లాసు పట్టుకొని ముగ్గురము పరుగెత్తితిమి.