మహమ్మారి కాలమున మన బిడ్డల పరీక్షలు



ప్రతి వార్షిక సభయందును పదవ తరగతిలో అధిక మార్కులు గడించిన బాలబాలికలకు బహుమానము లిచ్చుట మన సంఘమున ఆచారము. 2020, 2021 సంవత్సరములలో వాని నెవరి కీయవలెనో మనకు తోచలేదు. ఏలయన, పరీక్షయే జరుగలేదు. ఆ చిక్కునుండి మనము నేర్వవలసిన దేమియో విన్నవించుటకే మీ యెదుట నిలిచితిని.

2020 మార్చిలో బడులు మూతపడెను. పదునొకండు పత్రముల పరీక్షను ఆరింటికి కుదించి జూలైలో జరుప నెంచిరి గాని, జూన్ 20వ తేదీన దానిని రద్దుచేసి, ఆరు లక్షలకు పైబడిన విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించిరి. మరుసటి యేడు, సుప్రీంకోర్టు విచారణ జరుగుచుండగా, జూన్ 24న పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు రెండును రద్దయ్యెను. ఇంటర్ రెండవ సంవత్సరమువారికి పదవ తరగతి మార్కులకు 30 పాళ్లు, మొదటి సంవత్సరపు మార్కులకు 70 పాళ్లు విలువ కట్టిరి. పదవ తరగతివారికి బడిలో జరిగిన అంతర్గత పరీక్షలే ఆధారమయ్యెను.

ఇందొక విచిత్రము గలదు. బడులు ఉదారముగా వేసుకొనుచున్న వన్న విమర్శపై 20 అంతర్గత మార్కులను ప్రభుత్వము 2019లోనే తొలగించియుండెను. రెండేండ్లు గడవకమున్నే అట్టి మార్కులే బిడ్డలకు దిక్కయ్యెను. ఏడాది పొడవునను నిజాయితీతో లెక్క వ్రాసిన బడి తన బిడ్డలనుగూర్చి సాక్ష్యము చెప్పగలిగెను. తక్కిన బడులకు చెప్పుటకేమియు లేకపోయెను.

ఇంగ్లండునందును ఇట్టి చిక్కే వచ్చెను. 2020 ఆగస్టులో అచ్చట ఉపాధ్యాయులు అంచనా వేసిన ఏ-లెవెల్ గ్రేడులలో ఇంచుమించు 40 పాళ్లను ఒక గణితసూత్రము తగ్గించివేసెను. అది బడియొక్క పూర్వఫలితములను లెక్కలోనికి దీసికొనుటచే, వెనుకబడిన బడిలోని చురుకైన బిడ్డ తనకు ముందు చదివినవారి కొరతను మోయవలసివచ్చెను. గొప్ప అలజడి చెలరేగగా ఆగస్టు 17న దానిని విడిచిపెట్టిరి.

అట్లని పరీక్ష అక్కరలేదని నే ననను. 2022లో పరీక్షలు మరల జరిగినపుడు మన రాష్ట్రమున ఉత్తీర్ణులైనవారు నూటికి 67.26 మందియే. 2019లో వారు 94.88. పరీక్ష పద్ధతి మారినమాట నిజమే. అయినను ఆ బిడ్డలు ఎనిమిదవ తరగతిలో నుండగా బడులు మూతపడెనని మరువరాదు. మన యిండ్లలో ఉన్నది ఒక్క ఫోను. అది తండ్రితోగూడ షావుకారు వద్దకు పోయిననాడు పాఠము లేదు. ఆ లోటు రెండేండ్లు ఎవరికిని కానరాలేదు. కనబడునప్పటికి రెండు లక్షలకు పైబడిన బిడ్డలు తప్పియుండిరి.

మగ్గముపై కూర్చున్న మన కిది తెలియని విషయము కాదు. పోగు తెగిన వెంటనే అతికి ముందుకు సాగుదుము గాని, చీర కోసిన పిమ్మట చూచుకొందమని ఊరకుందుమా? 2020 నాటి జాతీయ విద్యావిధానము సమగ్ర ప్రగతిపత్రమును, ఏడాదికి రెండుమార్లు పరీక్ష వ్రాయు నవకాశమును సూచించినది. ఒక బడి వేసిన మార్కులలో కొన్నింటిని వేరొక బడి ఉపాధ్యాయులు పరిశీలించిన యెడల నమ్మకము నిలుచును.

ప్రభుత్వము చేయువరకు మనము వేచియుండ నక్కరలేదు. మూడు ప్రతిపాదనలను సభవారి ముందుంచుచున్నాను. ఒకటి: ప్రతి గ్రామమున చదువుకొన్న మన యువకులు నెల కొకమారు బిడ్డలచే చదివించి, లెక్కలు చేయించి, వారి ప్రగతిని ఒక పుస్తకమున వ్రాయవలెను. రెండు: ఉపకారవేతనములలో సగము, ఆ పుస్తకము ననుసరించి ఏడాదిలో ఎక్కువ ముందడుగు వేసినవారి కీయవలెను. మూడు: తప్పిన బిడ్డకు సప్లిమెంటరీ రుసుమును, ట్యూషను ఖర్చును సంఘమే భరించి, గట్టెక్కిననాడు ఆ బిడ్డనుగూడ ఈ వేదికపైకి పిలువవలెను.

ఇంతవరకు మనము ప్రథమస్థానమున నిలిచినవారినే ఎరుగుదుము. తప్పి, సిగ్గుపడి, బడి మాని మగ్గము గుంటలో దిగిన బిడ్డ పేరు మన కేపుస్తకమునందును లేదు. ఆ పేరు వ్రాసికొనుటతో మన పని ప్రారంభము కావలెనని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.