నమ్‌పై అరే నిర్మాణం

పైథాన్ భాషలో శాస్త్రీయ గణనలకు పునాది నమ్‌పై లైబ్రరీ. అంతకుముందున్న న్యూమెరిక్, నమ్‌అరే లైబ్రరీల లక్షణాలను కలిపి ట్రావిస్ ఒలిఫాంట్ దీన్ని రూపొందించారు. 1.0 వెర్షన్ 2006లో విడుదలైంది. ఇందులోని ప్రధాన డేటా స్ట్రక్చర్ అరే.

పైథాన్ లిస్టు విలువలను కాక, వాటి మెమరీ చిరునామాలను దాచుకుంటుంది. కొత్తగా సృష్టించిన అరేలో మాత్రం ఒకే రకం సంఖ్యలు పక్కపక్కనే ఉంటాయి. అందువల్ల ప్రాసెసర్ వాటిని వేగంగా చదువుతుంది.

సంఖ్యలతో పాటు అరే మరో మూడు వివరాలు ఉంచుకుంటుంది: సంఖ్య రకం, ఆకృతి, అడుగు. ఒక గడి నుంచి తర్వాతి గడికి ఎన్ని బైట్లు దాటాలో చెప్పేదే అడుగు. వెయ్యి వరుసలు, వెయ్యి నిలువులున్న మాత్రికలో ఒక్కో సంఖ్యకు 8 బైట్లయితే, పక్క నిలువుకు 8 బైట్లు, కింది వరుసకు 8,000 బైట్లు దాటాలి. వరుసలు నిలువులయ్యేలా మాత్రికను తిరగవేయాలంటే ఈ రెండు అడుగులనూ, ఆకృతిలోని రెండు సంఖ్యలనూ తారుమారు చేస్తే చాలు. 80 లక్షల బైట్లలో ఒక్కటీ కదలదు.

ఇలా వచ్చిన రూపం అసలు మెమరీనే పంచుకుంటుంది. ఒకచోట మార్చిన విలువ రెండోచోటా మారుతుంది. విడిగా కావలసినప్పుడు ప్రతి తీసుకోవడం ప్రోగ్రామర్ బాధ్యత.