ఎండిపోని ఊట



కన్నీళ్ళు అనగానే మనకు దుఃఖమే జ్ఞాపకం వస్తుంది. కాని ప్రియులారా, మీరు నవ్వుతున్నప్పుడు కూడా మీ కంటిమీద కన్నీరు ఉంది. ఈ మాటలు వింటున్న ఈ క్షణంలో కూడా ఉంది. ఎప్పుడైనా ఆలోచన చేశారా?

మన అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల చేలకు నీరు ఎలా వస్తుంది? ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు కాలువకు మళ్ళి, పిల్లకాలువల గుండా చేలోకి చేరుతుంది. మిగిలిన నీరు మురుగుకాలువల ద్వారా సముద్రానికి పోతుంది. కాలువ ఆగితే చేను బీటలువారుతుంది. మురుగు పూడితే చేను మునిగిపోతుంది.

కంటికీ అంతే. పైరెప్ప వెనుక, బయటి కొసన ఉన్న గ్రంథి నీరు ఇస్తుంది. ఆ నీరు త్వరగా ఆవిరి కాకుండా రెప్పల అంచుల్లోని సన్నని గ్రంథులు నూనె ఇస్తాయి. అది కన్నును అంటిపెట్టుకొని ఉండేలా కంటి పొరలోని కణాలు జిగురు ఇస్తాయి. నిమిషానికి సుమారు 15 సార్లు మనం రెప్ప వాలుస్తాము. వాల్చినప్పుడల్లా ఆ తడి కన్నంతా పరుచుకుంటుంది. వాడిన నీరు రెప్పల లోపలి మూలనున్న చిన్న రంధ్రాల గుండా ముక్కులోకి దిగిపోతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే.

నల్లగుడ్డు మీది అద్దంవంటి పొరలో రక్తనాళాలు లేవు. ఉంటే చూపుకు అడ్డు. గాలిలోని ప్రాణవాయువు ఈ తడిగుండానే దానికి అందుతుంది. కన్నీటిలో క్రిములను చంపే లైసోజైమ్ అనే పదార్థం కూడా ఉంది. దానిని గూర్చి 1922లో లోకానికి తెలిపినది, తరువాత 1928లో పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్.

నేను సెమినరీలో చదివే రోజుల్లో కొబ్బరిపీచు పనికి వెళ్ళే మా పెద్దమ్మ కంట్లో నలుసు పడింది. బాగా నులుముకుంది. ఎవరో చెప్పారని ఆకుపసరు పోయించుకుంది. ఇంటినుండి ఉత్తరం వచ్చింది. ప్రార్థన చేస్తున్నానని జవాబు రాశాను. వెంటనే కంటి డాక్టరుకు చూపించమని మాత్రం రాయలేదు. సెలవులకు వెళ్ళేసరికి ఆ కంట్లో పువ్వు వేసింది. నా చెయ్యి పట్టుకొని, "ఎవరు నాయనా?" అని అడిగింది. ఆ మాట నేటికీ నన్ను గుచ్చుతుంది.

కాబట్టి ప్రియులారా, నూర్పుల దుమ్ము గాని పీచు గాని కంట్లో పడితే నులమకండి. శుభ్రమైన నీటితో కడగండి. నొప్పి, ఎరుపు తగ్గకపోతే ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పసర్లు వద్దు. డాక్టరు చెప్పని చుక్కల మందులూ వద్దు. విటమిన్ ఎ లోపిస్తే పిల్లల కళ్ళు పొడిబారి చూపు పోవచ్చు. మన పెరటి మునగాకు, బొప్పాయి వారికి పెట్టండి. ఫోను చూసేటప్పుడు రెప్ప వాల్చడం తగ్గిపోతుంది. మధ్యమధ్య చూపు మరల్చండి.

లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కన్నీరు విడిచారు. విడిచి ఊరుకోలేదు, రాయి తీసివేయమన్నారు. మనమూ ప్రార్థన చేద్దాం, చేయవలసినదీ చేద్దాం. మన కన్నులను కలుగజేసిన దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.