గుత్తాధిపత్యం మోసిన స్వేచ్ఛా వాణిజ్యం

నల్లమందు యుద్ధాలు అనగానే మనకు కాంటన్ రేవు, హాంకాంగ్ గుర్తొస్తాయి. నేను ఇవాళ గంగ ఒడ్డు నుంచి మొదలుపెడతాను. 1839లో బ్రిటన్‌కు, చైనాకు మధ్య రాజుకుని 1842లో ముగిసిన మొదటి యుద్ధం స్వేచ్ఛా వాణిజ్యం కోసమేనని దాన్ని సమర్థించినవాళ్లు చెప్పుకున్నారు. సరుకు పుట్టిన చోట మాత్రం ఆ స్వేచ్ఛ ఊసే లేదు. 1773లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్ నల్లమందు మీద గుత్తాధికారాన్ని ఈస్టిండియా కంపెనీ చేతికి తెచ్చాడు. ఆపైన బీహారు రైతు గసాల పంట వేయాలంటే కంపెనీ అనుమతి కావాలి, బయానా కంపెనీ దగ్గరే పుచ్చుకోవాలి, కాయకు గాటు పెట్టి గీకిన పాలు కంపెనీకే, అది కట్టిన ధరకే తూచాలి. పాట్నా, గాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఆ ముద్దను ఇత్తడి గిన్నెలో ఉంచి, గసాల పూరేకులను పల్చటి రొట్టెల్లా అతికించి పొరలు పొరలుగా చుట్టి ఉండ చేసేవాళ్లు. పెట్టెకు నలభై ఉండలు. పెట్టెలు కలకత్తాలో వేలానికి వచ్చేవి. పాట ముగియగానే కంపెనీ చేతులు దులుపుకునేది. చైనాలో నిషేధం ఉన్న సరుకును అక్కడికి దొంగతనంగా చేరవేసే పని జార్డిన్ మాథెసన్ వంటి ప్రైవేటు వర్తకులది. వాళ్లకు ముట్టిన వెండి తిరిగి కాంటన్‌లో కంపెనీ టీ కొనుగోళ్లకే పనికొచ్చేది.

కొన్నది చైనావాళ్లే, లంచాలు మింగింది వాళ్ల అధికారులే కదా అని ఒక వాదం ఉంది. నిజమే. అయితే దొంగసరుకు కొనేవాడు దొరికినంత మాత్రాన అమ్మినవాడికి ఫిరంగులతో దిగే హక్కు రాదు. ఇంతకంటే బరువైన వాదం అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్‌ది: తగువు నల్లమందు గురించి కాదు, సాటి దేశాలను సాష్టాంగపడమనే చైనా దర్పం గురించి అని 1841లో ఆయన వాదించాడు. ఒక్క కాంటన్‌లోనే, కొద్దిమంది దళారుల ద్వారానే బేరాలు సాగాలన్న చైనా నియమం వర్తకులకు కంటగింపుగా ఉన్నమాట వాస్తవం. కానీ తగువు మర్యాద గురించే అయితే పద్దు మరోలా ఉండేది. 1842 ఆగస్టు 29 నాటి నాన్‌కింగ్ ఒప్పందం ప్రకారం చైనా కట్టాల్సింది 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు. అందులో 60 లక్షలు, చైనా కమిషనర్ లిన్ జెషూ స్వాధీనం చేసుకుని హూమెన్‌లో ఉప్పు, సున్నం కలిపి పాడుచేయించిన 20 వేలకు పైగా నల్లమందు పెట్టెల ఖరీదు. పరువుకు పెట్టెల లెక్కన వెల కట్టడం ఎక్కడా వినలేదు. లండన్‌లోనూ ఇది తెలియక కాదు: 1840 ఏప్రిల్‌లో పార్లమెంటులో ఈ యుద్ధంపై జరిగిన ఓటింగులో ప్రభుత్వం గట్టెక్కింది తొమ్మిది ఓట్ల తేడాతో. రెండో యుద్ధం నడుమ, 1858లో, పికల్‌కు (సుమారు 60 కిలోలకు) 30 టేల్‌ల వెండి సుంకంతో నల్లమందు చట్టబద్ధమైన సరుకే అయిపోయింది.

పోరాడింది కూడా ఇంగ్లీషువాళ్లు ఒక్కరే కాదు. 1841 మేలో కాంటన్ దగ్గర సాన్‌యువాన్‌లీలో జడివానకు తుపాకులు పేలక గ్రామస్థుల మధ్య చిక్కుకుపోయింది 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీకి చెందిన దళం. ఆ మద్రాసు సైన్యం తెలుగు జిల్లాల్లోనూ సిపాయిలను చేర్చుకునేది. సభలో ఉన్న చరిత్ర ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం: ఈ పాఠాన్ని చైనా అధ్యాయం దాకా ఆపకండి, కంపెనీ పాలన చెప్పేటప్పుడే గాజీపూర్ దగ్గర మొదలుపెట్టండి.