రెండేళ్లలోపు

పట్టాలు అందుకున్న మీకందరికీ నా అభినందనలు.

హర్లర్ సిండ్రోమ్ అని ఒక జబ్బుంది. సుమారు లక్ష కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ఒకే జన్యువులో లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఆ రెండు లోపాలూ కలిసే అవకాశం ఇంకా ఎక్కువ. ఇందులో గ్రహణం తప్పు లేదు, కోడలి తప్పు అసలే లేదు. ఈ మాట మీ ఊళ్లో గట్టిగా చెప్పండి.

ఒక ఎంజైము లేనందువల్ల, కరిగిపోవలసిన పదార్థం కణాల్లో పేరుకుపోతుంది. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ తగ్గని జలుబు, నిద్రలో గురక, బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా, కాలేయం పెరిగి ఉబ్బిన పొట్ట, వెన్ను మీద చిన్న గూని, మసకబారే కళ్లు. జలుబుకు ఒక డాక్టరు, హెర్నియాకు ఇంకో డాక్టరు. విడివిడిగా ఏదీ పెద్ద జబ్బులా కనిపించదు. అన్నీ ఒకచోట చేర్చి చూసే మనిషి దొరికేలోపు మెదడు దెబ్బతింటూనే ఉంటుంది.

ఎంజైమును సెలైన్ ద్వారా ఎక్కించవచ్చు, కానీ రక్తం నుంచి అది మెదడులోకి దాటదు. అక్కడే మూలకణాల అవసరం. ఆరోగ్యవంతుల ఎముక మజ్జ నుంచో బొడ్డుతాడు రక్తం నుంచో తీసిన ఈ కణాలు బిడ్డ మజ్జలో కుదురుకుంటాయి. వాటి సంతతి కణాలు మెదడుకూ చేరి, అక్కడే ఎంజైమును తయారుచేసి ఇరుగుపొరుగు కణాలకు అందిస్తాయి. మజ్జ మార్పిడితో జబ్బు లక్షణాలు వెనక్కి తగ్గాయని లండన్ వైద్యులు 1981లో ప్రకటించారు. 2004లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు, పరాయి శిశువుల బొడ్డుతాడు రక్తంతో చికిత్స పొందిన 20 మంది పిల్లల్లో 17 మంది బతికారని వెల్లడించారు. బతకని ముగ్గురినీ మరవకూడదు. ముందుగా కీమో ఇచ్చి బిడ్డ సొంత మజ్జను ఖాళీ చేయాలి, అది ప్రమాదకరమైన దశ. చికిత్స ఫలించినా ఎముకల బాధ పూర్తిగా పోదు, తర్వాత ఆపరేషన్లు అవసరం కావచ్చు. దెబ్బతిన్న మెదడు మళ్లీ మొదటికి రాదు. అందుకే 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ మార్పిడికి రెండేళ్లలోపు అని వయసు రాసిపెట్టింది. దాని కింద ఇచ్చే ఆర్థిక సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. ఈ విధానం కింది కేంద్రాల్లో మనకు దగ్గరిది హైదరాబాద్‌లోనే ఉంది, నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడుపుతున్నాయి.

మన రామన్నపేట నుంచి హైదరాబాద్ దూరమేమీ కాదు. బిడ్డను అక్కడికి పంపాలని ఎవరికో ఒకరికి తట్టకపోవడమే అసలు దూరం. మీలో రేపు అంగన్‌వాడీ టీచర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, బడి పంతుళ్లు అయ్యేవాళ్లున్నారు. పైన చెప్పిన లక్షణాల్లో రెండు మూడు ఒకే పసిబిడ్డలో కనిపిస్తే, పిల్లల డాక్టరుకు చూపించి, ఎంజైము పరీక్ష అవసరమా అని అడగమని ఆ తల్లికి చెప్పండి.

ఇంకో సంగతి. మూలకణాలతో ఏ జబ్బయినా నయం చేస్తామని ప్రకటనలిచ్చే క్లినిక్‌లను నమ్మి పొలం అమ్ముకోవద్దని చుట్టాలకు చెప్పండి. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకుంటే పుట్టుకతో వచ్చిన జబ్బులకు పనికొస్తుందని ఎవరైనా అంటే, ఆ రక్తంలోనూ అదే జన్యులోపం ఉంటుందని అడ్డుచెప్పండి. ఈ జబ్బుకు మరొకరి కణాలే కావాలి. తోబుట్టువు మజ్జ సరిపోయే అవకాశం కూడా నాలుగో వంతే, మిగతావాళ్లలో చాలామంది పరాయి దాతల కోసం వెతుక్కోవలసి వస్తుంది. చెన్నైలోని దాత్రి సంస్థ దాతల పేర్లు నమోదు చేసుకుంటుంది. చెంప లోపల దూదిపుల్లతో తీసే నమూనా చాలు. పద్దెనిమిదేళ్లు దాటిన మీరందరూ అర్హులయ్యే వయసులోనే ఉన్నారు. ఈ రాత్రి ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడి, వాళ్ల భయాలు విని, పేరు నమోదు చేయించుకోండి.