ఫిరంగి కంటే ముందు కాగితం
(సుల్తాన్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొబ్బిలి కథ మనందరం విన్నదే. ఎక్కడో కోస్తాలో ఇద్దరు రాజుల పగ అనుకొని ఊరుకున్నాం. కానీ ఆ యుద్ధానికి విత్తనం పడ్డది మన దక్కన్‌లోనే. ఆ సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

1751లో సలాబత్ జంగ్‌ను నిజాం గద్దె మీద కూర్చోబెట్టింది ఫ్రెంచివాళ్లు. కాపాడింది బుస్సీ సైన్యం. ఊరికే కాపాడతారా? సిపాయిల జీతాల కింద 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను సలాబత్ జంగ్ వాళ్లకు రాసిచ్చాడు. ఆ నేల దున్నే రైతును ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు.

ఆ కాగితం చేతబట్టుకొనే బుస్సీ ఉత్తరాదికి బయలుదేరాడు. విజయనగరం విజయరామరాజు ఆయన పక్కన చేరాడు. కోట విడిచిపొమ్మంటే బొబ్బిలి రంగారావు వినలేదు. 1757 జనవరి 24న ఆ మట్టికోట మీద ఫిరంగులు పేలాయి. ఓటమి తప్పదని తెలిసి లోపలివాళ్లు ఆడవాళ్లను, పిల్లలను తమ చేతులతోనే చంపుకున్నారు. చివరిదాకా కొట్లాడి చచ్చారు. కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపాడు.

మరి బాగుపడిందెవరు? 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు ఫోర్డు మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ల నుంచి గుంజుకున్నాడు. మే నెలలో సలాబత్ జంగ్ ఈసారి ఇంగ్లీషువాళ్లకు కాగితం రాసిచ్చాడు. 1762లో తమ్ముడు నిజాం అలీయే ఆయన్ని మన పక్కనున్న బీదర్ కోటలో బంధించాడు. మరుసటి ఏడే అక్కడ ప్రాణం పోయింది. రాసిచ్చినవాడికీ ఏమీ మిగల్లేదు.

ఫ్రెంచివాళ్లు వియత్నాంలోనూ ఇదే చేశారు. 1882 ఏప్రిల్ 25న హనోయి కోటను కొట్టారు. కోటను కాపాడలేకపోయిన అధికారి హోవాంగ్ జియు ఉరేసుకున్నాడు. మరుసటి ఏడు అక్కడి రాజదర్బారు చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫిరంగి ముందా, కాగితం ముందా అన్నదే తేడా. నేల పోయింది మాత్రం అక్కడా ఇక్కడా జనానిదే.

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీల మధ్య బతికే మనకు భూమి కాగితం అంటే ఏందో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఊరి భూమి మీద ఏ కాగితం వచ్చినా ముందు గ్రామసభలో చదివి వినిపించమని అడుగుదాం. అర్థమయ్యేదాకా అడుగుదాం. బొబ్బిలివాళ్లకు ఆ కాగితాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. వాళ్లకు వినబడ్డది ఫిరంగి మోతే.