జెండాను కాల్చొద్దు.. కాల్చినవాడిని జైల్లో పెట్టొద్దు
(చల్లపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



జెండా గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది? మొవ్వ దగ్గరి భట్లపెనుమర్రు మనకు పొరుగూరే. పింగళి వెంకయ్య గారు పుట్టిన ఊరు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పి, 1916లో జెండాల మీద పుస్తకం రాసి, 1921లో బెజవాడలో గాంధీ గారి చేతికి నమూనా ఇచ్చిన మనిషి ఆయన. 1930లో బందరు కోనేరు సెంటర్లో కాంగ్రెస్ జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడు గారిని పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు. అయినా ఆయన జెండా వదల్లేదు. ఆనాటి దొరల లెక్కలో జెండా పట్టుకోవడమే నేరం.

అందుకని మేము జెండాకు వ్యతిరేకులమని ఎవరైనా అంటే ఊరుకోం. మా ఊరేగింపులో ఎవడన్నా జెండాకు అగ్గిపుల్ల చూపిస్తే ముందు వాడి చెయ్యి పట్టుకునేది మేమే. కానీ ఆ మనిషిని మూడేళ్లు జైల్లో పెట్టాలా? ఇది వేరే ప్రశ్న. ప్రత్యేక రాష్ట్రం అడిగేవాళ్లం కాబట్టి ఈ ప్రశ్న మనకు మరీ దగ్గరిది.

1971 జాతీయ గౌరవ చట్టం రెండో సెక్షన్ ఏమంటుంది? బహిరంగంగా జెండాను కాల్చినా, చించినా, తొక్కినా, చివరికి మాటతో అవమానించినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంతటితో అయిపోలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ తీసి చూడండి. ఈ నేరానికి ఉత్త జరిమానా పడినా సరే, ఆరేళ్లపాటు అసెంబ్లీకీ పార్లమెంటుకూ పోటీ చేయడానికి అనర్హుడు. ఉద్యమాల్లో తిరిగే కుర్రాళ్ల నోరు నొక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఫ్లాగ్ కోడ్ చూడండి. చిరిగిన, మాసిన జెండాను ఏం చేయాలంటుంది? చాటుగా, గౌరవంగా, వీలైతే కాల్చి నాశనం చేయమంటుంది! అదే గుడ్డ, అదే నిప్పు. పెరట్లో గౌరవంగా కాలిస్తే మర్యాద, సెంటర్లో కోపంతో కాలిస్తే జైలు. అంటే శిక్ష పడుతున్నది నిప్పుకు కాదు, ఆ నిప్పుతో చెప్పిన అభిప్రాయానికి. పంద్రాగస్టు మర్నాడు మురుక్కాల్వల్లో తేలే ప్లాస్టిక్ జెండాల మీద ఎన్ని కేసులు పెట్టారో పోలీసులే చెప్పాలి.

జెండా ఎగరేయడం భావప్రకటనేనని, అది ప్రాథమిక హక్కేనని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హద్దులుంటాయని కూడా చెప్పింది, కాదనం. కానీ ఎగరేయడం మాట్లాడటమైతే, కాల్చడం మాట్లాడటం ఎందుకు కాదు? అది చేదు మాటే. రాజ్యాంగం 19(2)లో మాటకు కళ్లెం వేసే కారణాలు రాసి ఉన్నాయి. దేశ సమగ్రత ఉంది, శాంతిభద్రతలున్నాయి, పరువునష్టం ఉంది. జాతీయ గౌరవం అన్న మాట ఆ జాబితాలో లేదు.

1986లో కేరళలో జాతీయ గీతం పాడని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి వెళ్లగొట్టడం తప్పని తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి గారు. పిల్లలు లేచి నిలబడ్డారు, అది చాలన్నారు. ఆ తీర్పు వల్ల దేశానికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

మన కృష్ణా జిల్లా పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్న డల్లాస్‌లోనే 1984లో ఒకడు అమెరికా జెండా కాల్చాడు. 1989లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో అతణ్ణి శిక్షించడం చెల్లదంది. 2025 ఆగస్టులో ట్రంప్ అలాంటివాళ్లపై కేసులు పెట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. ఉత్తర్వుతో ఆ తీర్పు చెరిగిపోదు. పాలకుల మనసు మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

అంతదూరం ఎందుకు? పక్క రాష్ట్రంలో 1955లో హిందీని వ్యతిరేకిస్తూ జెండా తగలబెడతామని పెరియార్ పిలుపిచ్చారు. ముఖ్యమంత్రి కామరాజ్ హామీ ఇచ్చారు, ఆ కార్యక్రమం ఆగింది. అక్కడ జెండాను కాపాడింది లాఠీ కాదు, మాట. 1957లో అదే పెరియార్ కులం మీద కోపంతో రాజ్యాంగం కాగితాలు కాల్పించినప్పుడు హడావుడిగా చట్టం తెచ్చి వేలమందిని జైల్లో వేశారు. కులం పోయిందా?

సరిహద్దులో చనిపోయిన కొడుకు మీద ఆ జెండా కప్పుకుని ఇంటికి తెచ్చుకున్న తల్లి ఏమనుకుంటుందని మమ్మల్ని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆమె మనసు గాయపడుతుంది, ఆ గాయానికి మేమూ తలవంచుతాం. అందుకే కాల్చొద్దంటున్నాం. ఆమె పేరు చెప్పి కుర్రాళ్లమీద కేసులు రాసుకోవడం మాత్రం ఒప్పుకోం.

తమ్ముళ్లూ, ఒక్క సంగతి గుర్తుంచుకోండి. రాజ్యాంగాన్ని సవరించమని, జెండానే మార్చమని చట్టబద్ధంగా అడుగుతూ విమర్శిస్తే నేరం కాదని ఆ 1971 చట్టంలోనే వివరణ ఉంది. మనం అడిగే రాష్ట్రం మూడో అధికరణంలో ఉంది. స్టేషన్లో ఎవరన్నా దేశద్రోహం అంటే ఈ రెండూ చదివి వినిపించండి. కాల్చాలనిపిస్తే నచ్చని నివేదికల ప్రతులున్నాయి. 2020 భోగి మంటల్లో అమరావతి రైతులు వేసినవి అవే. మన డిమాండ్ మాత్రం రాసుకుని ఎమ్మెల్యే చేతికివ్వండి: రెండో సెక్షన్ నుంచి జైలు శిక్ష తీసేయాలి, ఎన్నికల అనర్హత ఎత్తేయాలి.